సముద్రం లేని వికారాబాద్‌కు నేవీ ఎందుకొచ్చింది?

వికారాబాద్ జిల్లాలోని దామగుండం అడవి పేరు 2024 దాకా హైదరాబాద్‌లోనే చాలామందికి తెలియదు. ఆ ఏడాది అక్టోబర్ 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అక్కడ ఒక నౌకాదళ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. దానికోసం దాదాపు 2,900 ఎకరాల రిజర్వ్ ఫారెస్ట్ నేవీ చేతికి వెళ్ళింది. ఆ తర్వాత చాయ్ హోటళ్ళలో, వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న. సముద్రమే లేని తెలంగాణలో నేవీకి ఏం పని?

కొందరు ఎగతాళిగా అడిగారు, కొందరు భయంతో అడిగారు. ఎలా అడిగినా అది మంచి ప్రశ్నే. దానికి జవాబు వెతుక్కుంటూ పోతే నౌకాదళం అంటే ఏమిటో చాలావరకు అర్థమవుతుంది. టీవీ వాళ్ళు మనకు చూపించేది ఓడ ముందు భాగం, దూసుకెళ్ళే క్షిపణి, డెక్ మీద నుంచి లేచే విమానం. నేవీలో ఎక్కువ భాగం ఆ ఫొటోలో పట్టదు. అది అడవిలో లేచే స్తంభాల్లో ఉంటుంది, మరమ్మతు కోసం నెలల తరబడి రేవులో ఆగిపోయిన ఓడలో ఉంటుంది, అర్ధరాత్రి డ్యూటీకి నిద్ర లేచే ఇరవై ఏళ్ళ కుర్రాడిలో ఉంటుంది. మన ఇళ్ళలో గల్ఫ్‌లో పనిచేసేవాళ్ళు ఉన్నారు, అగ్నివీర్ ఫారం నింపుతున్న పిల్లలు ఉన్నారు. అందుకే ఈ కనబడని భాగం మనకు తెలిసి ఉండాలి.

ముందు దామగుండం సంగతి. ఉప్పునీళ్ళు రేడియో సిగ్నల్‌ను మింగేస్తాయి. మీ సెల్‌ఫోన్ సిగ్నల్ సముద్రపు నీళ్ళలో కొన్ని అంగుళాలు కూడా పోదు. మరి నీళ్ళ అడుగున దాక్కున్న జలాంతర్గామికి ఢిల్లీ నుంచి ఒక ఆదేశం చేరాలంటే ఎలా? దానికి ఉన్న దారుల్లో ముఖ్యమైనది అతి తక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న రేడియో, వీఎల్‌ఎఫ్ అంటారు. ఈ తరంగాల్లో ఒక్కొక్కదాని పొడవు పది కిలోమీటర్ల నుంచి వంద కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఇవి నేల మీద వేల కిలోమీటర్లు ప్రయాణించి, సముద్రంలో పది ఇరవై మీటర్ల లోతుకు దిగగలవు. తరంగం అంత పొడవుగా ఉంటే దాన్ని పంపే యాంటెన్నా కూడా భారీగా ఉండాలి. ఎత్తైన స్తంభాలు, వాటి మధ్య వలలాగా తీగలు, కింద విశాలమైన భూమి. అందుకే అన్ని వేల ఎకరాలు. మన దేశంలో ఇలాంటి మొదటి కేంద్రం తమిళనాడు తిరునెల్వేలి జిల్లాలో 1990 నుంచి పనిచేస్తోంది, దాని పేరు ఐఎన్‌ఎస్ కట్టబొమ్మన్. దామగుండం రెండోది.

దీని గుండా మాట్లాడుకోవడం కుదరదు. గొంతు పోదు, వీడియో పోదు. కోడ్ చేసిన అక్షరాలు నెమ్మదిగా పోతాయి, అంతే. పైగా ఒకవైపే. జలాంతర్గామి వింటుంది, జవాబివ్వదు. జవాబిస్తే తానెక్కడుందో బయటపడుతుంది కదా.

కాబట్టి నేవీకి ఇక్కడ పని ఉంది, అందులో కిటుకేమీ లేదు. అయితే వికారాబాద్‌లోని అనంతగిరి కొండలు మూసీ పుట్టిన చోటు. ఆ నది 1908లో హైదరాబాద్‌ను ముంచింది, ఆ తర్వాతే గండిపేట చెరువు కట్టారు. అలాంటి నది తలాపున ఉన్న అడవిని తీసుకున్నప్పుడు ఎన్ని చెట్లు పోతాయి, వాన నీరు ఎటు పోతుంది, పశువులు మేపుకునే ఊళ్ళవాళ్ళకు దారి ఉంటుందా అని స్థానికులు అడిగితే దేశభక్తి మీద అనుమానం పెట్టాల్సిన అవసరం లేదు. నేవీ ఎందుకు అన్నదానికి జవాబు దొరికినంత మాత్రాన అడవి ఎంత అన్నదానికి జవాబు దొరికినట్టు కాదు. చెట్లు తక్కువే పోతాయని ప్రభుత్వం చెప్తోంది, పర్యావరణవాదులు ఒప్పుకోవడం లేదు. కేంద్రం 2027 నాటికి పూర్తి కావాలన్నది లక్ష్యం. ఆంధ్రాలో కూడా ఇదే రకం కథ ఒకటి నడుస్తోంది. అనకాపల్లి జిల్లా రాంబిల్లి దగ్గర కడుతున్న ఐఎన్‌ఎస్ వర్ష స్థావరం కోసం సముద్రం ఒడ్డున తరతరాలుగా చేపలు పట్టుకుని బతికిన ఊళ్ళు లేచి వేరేచోటికి పోవాల్సి వచ్చింది.

నీళ్ళ అడుగున

ఇంతకీ దామగుండం నుంచి పోయే ఆ సందేశం ఎవరికి? ముఖ్యంగా విశాఖలో పుట్టిన ఓడలకు. అణుశక్తితో నడిచే ఐఎన్‌ఎస్ అరిహంత్‌ను విశాఖపట్నంలోనే కట్టి 2009 జులైలో నీళ్ళలోకి దింపారు. దాని తర్వాతి ఓడ అరిఘాత్ 2024 ఆగస్టు 29న అక్కడే నేవీలో చేరింది. వీటి పని యుద్ధానికి వెళ్ళడం అనుకుంటాం. నిజానికి వీటి పని దాక్కోవడం. ఎక్కడున్నాయో ఎవరికీ తెలియకుండా నెలల తరబడి నీళ్ళలో ఉండటం. అవతలివాడు మన మీద అణ్వస్త్రం వేస్తే, ఆ దాడికి దొరకని ఒక ఓడ తిరిగి కొట్టగలదన్న భయం వాడికి ఉండాలి. ఇది బాగున్న ఏర్పాటా, భయంకరమైన ఏర్పాటా అన్నది వేరే చర్చ. నాకైతే రెండూ నిజమే అనిపిస్తుంది.

అణు జలాంతర్గామికీ మామూలు జలాంతర్గామికీ తేడా తెలియాలంటే విశాఖ ఆర్కే బీచ్‌కు వెళ్ళొచ్చినవాళ్ళు ఒక్కసారి గుర్తు చేసుకోండి. అక్కడ ఇసుకలో నిలబెట్టిన కుర్సురా జలాంతర్గామి 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసింది, 2002 నుంచి మ్యూజియం. దాదాపు 91 మీటర్ల పొడవు. వంగి, తలకాయ కాచుకుంటూ గుండ్రటి తలుపుల్లోంచి దూరి పావుగంటలో బయటికి వచ్చేస్తాం. పిల్లలు సరదా పడతారు, పెద్దవాళ్ళు నడుం పట్టుకుంటారు. ఆ గొట్టంలోనే డెబ్భై మందికి పైగా మనుషులు వారాల తరబడి ఉండేవాళ్ళు. కిటికీ లేదు, ఎండ లేదు. మంచినీళ్ళు తాగడానికీ వంటకే, స్నానం అనే మాట మర్చిపోవాలి. డీజిల్ వాసన బట్టల్లో, జుట్టులో, రొట్టెలో.

డీజిల్ ఇంజన్‌కు గాలి కావాలి. అందుకే అలాంటి జలాంతర్గామి నీళ్ళలో బ్యాటరీ మీద నడిచి, అది అయిపోతుంటే పైకి దగ్గరగా వచ్చి ఒక గొట్టం బయటపెట్టి గాలి పీల్చుకుని బ్యాటరీ ఛార్జ్ చేసుకోవాలి. దొరికిపోయేది ఆ సమయంలోనే. అణు రియాక్టర్‌కు గాలి అక్కర్లేదు. దాంట్లో తిండి సామాన్లు ఎన్నాళ్ళొస్తే అన్నాళ్ళు లోపలే ఉండొచ్చు, మనుషుల ఓపికే హద్దు. ఇప్పుడు నేవీలో ఉన్న కల్వరి తరగతి డీజిల్ జలాంతర్గాములు ఆరు. ఆరోది వాగ్‌షీర్ 2025 జనవరిలో చేరింది. ఒక్కోదాంట్లో నలభై మంది చిల్లర ఉంటారు.

ఇది ప్రమాదం లేని ఉద్యోగం కాదు. 2013 ఆగస్టు 14న ముంబై రేవులో కట్టేసి ఉన్న సింధురక్షక్ జలాంతర్గామిలో పేలుళ్ళు జరిగి 18 మంది చనిపోయారు. అప్పుడు యుద్ధం లేదు, తుఫాను లేదు. ఓడ ఒడ్డునే ఉంది.

ఆర్టీసీ బస్సు కంటే నెమ్మది

"యుద్ధనౌకను పంపించారు" అనే వార్త మనం ఎన్నోసార్లు చదివాం. గల్ఫ్‌లో ఏ గొడవ వచ్చినా ఆ వాక్యం వస్తుంది, ఇక్కడ అమ్మీ, అబ్బాల గుండె కాస్త కుదుటపడుతుంది. ఆ వాక్యంలో ఎంత బలం ఉందో, ఎంత లేదో చూద్దాం.

ఐఎన్‌ఎస్ విశాఖపట్నం అనే డిస్ట్రాయర్‌నే తీసుకుందాం. 163 మీటర్ల పొడవు, దాదాపు 7,400 టన్నుల బరువు, 300 మంది దాకా సిబ్బంది, 2021 నవంబర్‌లో నేవీలో చేరింది. దాని గరిష్ఠ వేగం గంటకు 30 నాటికల్ మైళ్ళు, అంటే దాదాపు 55 కిలోమీటర్లు. మన ఎక్స్‌ప్రెస్ బస్సు హైవే మీద అంతకంటే వేగంగా పోతుంది! పైగా ఓడ ఎప్పుడూ ఆ వేగంతో నడవదు. వేగం రెట్టింపు చేయాలంటే ఇంజన్ శక్తి సుమారు ఎనిమిది రెట్లు కావాలి, ఇంధనం మధ్యలోనే ఖాళీ అవుతుంది. అందుకే మామూలుగా అందులో సగం వేగంతో పోతుంది. ముంబై నుంచి ఏడెన్ దాదాపు 3,000 కిలోమీటర్లు. సగం వేగంతో నాలుగున్నర రోజులు. నిప్పంటుకున్న ఓడ నాలుగున్నర రోజులు ఆగదు.

అందుకని నౌకాదళాలు చేసే పని ఏమిటంటే, గొడవ రాకముందే ఓడను అక్కడ పెట్టి ఉంచడం. 2008 అక్టోబర్ నుంచి ఏడెన్ గల్ఫ్‌లో మన యుద్ధనౌక ఒకటి ఎప్పుడూ ఉంటోంది, మొదట సోమాలియా సముద్రపు దొంగల కోసం. 2019లో ఒమన్ గల్ఫ్‌లో చమురు ఓడల మీద దాడులు జరిగాక హోర్ముజ్ వైపు కూడా గస్తీ మొదలైంది. 2023 చివర్లో హౌతీల క్షిపణులు, సముద్రపు దొంగలు ఒకేసారి తోడైనప్పుడు అరేబియా సముద్రంలో పదికి పైగా ఓడలను పెట్టారు.

వాటి ఫలితం 2024 జనవరి 26న కనిపించింది. మార్లిన్ లువాండా అనే చమురు ఓడకు హౌతీ క్షిపణి తగిలి మంటలంటుకున్నాయి. అందులో 22 మంది భారతీయులు, ఒక బంగ్లాదేశీ ఉన్నారు. ఐఎన్‌ఎస్ విశాఖపట్నం దగ్గర్లోనే ఉంది కాబట్టి అందుకోగలిగింది. దాని నుంచి పదిమంది మంటలార్పే జట్టు ఆ ఓడ ఎక్కి ఆరు గంటల పాటు పోరాడి ఆర్పింది. ఇంకో మూడు రోజులకు, సోమాలియా తూర్పు తీరం దగ్గర ఐఎన్‌ఎస్ సుమిత్ర 36 గంటల్లోపే రెండు చేపల పడవలను దొంగల చేతిలోంచి విడిపించింది. మొదటిదాంట్లో 17 మంది ఇరానీలు, రెండోదాంట్లో 19 మంది పాకిస్తానీలు. సముద్రం మీద ఆపదలో ఉన్నవాడి పాస్‌పోర్ట్ ఏ దేశానిదని అడగకపోవడం పాత ఆనవాయితీ. టీవీ చర్చల్లో అరిచేవాళ్ళకు ఈ వార్త ఎందుకో అంతగా ఎక్కలేదు.

ఆ మార్చిలో జరిగిన రూయెన్ ఓడ వ్యవహారం ఇంకా పెద్దది. మన తీరానికి 2,600 కిలోమీటర్ల దూరంలో ఐఎన్‌ఎస్ కోల్‌కతా దాన్ని అడ్డుకుంది. దొంగలు నేవీ డ్రోన్‌ను కాల్చేశారు. వాయుసేన సీ-17 విమానం నుంచి మార్కోస్ కమాండోలు పారాషూట్లతో సముద్రంలోకి దూకారు. 40 గంటల తర్వాత 35 మంది దొంగలు లొంగిపోయారు, 17 మంది సిబ్బంది క్షేమంగా బయటపడ్డారు. ఒక్క ఓడను విడిపించడానికి ఎన్ని రకాల బలగాలు కలవాల్సి వచ్చిందో చూడండి.

ఇక మనవాళ్ళను వెనక్కి తీసుకురావడం. 2015 ఏప్రిల్‌లో యెమన్ నుంచి 4,600 మందికి పైగా భారతీయులను, 41 దేశాలకు చెందిన 960 మంది విదేశీయులను తెచ్చారు. ఓడలు అందరినీ ముంబై దాకా మోసుకురాలేదు. ఏడెన్ లాంటి రేవుల నుంచి ఎక్కువమందిని పక్కనున్న జిబూటీకి చేర్చాయి, అక్కడి నుంచి విమానాలు. 2023లో సూడాన్‌లోనూ ఇదే పద్ధతి. సుమేధ ఓడ మొదటి విడతగా 278 మందిని పోర్ట్ సూడాన్ నుంచి జెద్దాకు దాటించింది. 2020 కరోనా కాలంలో జలాశ్వ, శార్దూల్ లాంటి పెద్ద ఓడలు మాల్దీవులు, శ్రీలంక, ఇరాన్ నుంచి దాదాపు 4,000 మందిని నేరుగా మన రేవులకు తెచ్చాయి. జలాశ్వ విశాఖ ఓడే. అమెరికా దగ్గర 2007లో కొన్నది, దళాలను, ట్యాంకులను మోయడానికి కట్టింది కాబట్టి కడుపులో చోటు ఎక్కువ.

ఇప్పుడు లెక్క వేయండి. గల్ఫ్ దేశాల్లో భారతీయులు సుమారు 90 లక్షలు. యుద్ధనౌకలో ఒక విడతకు ఎక్కేది వందల్లో. 1990లో కువైట్ నుంచి 1,70,000 మందిని తెచ్చింది ఓడలు కాదు, ఎయిర్ ఇండియా విమానాలు. కాబట్టి "నేవీ ఉంది, చూసుకుంటుంది" అని మన పిల్లవాడికి ఫోన్లో ధైర్యం చెప్పడం మంచిదే గానీ సరిపోదు. యెమన్‌లో, సూడాన్‌లో ఓడ ఎక్కాలంటే ముందు రేవు దాకా చేరాలి. అంతకంటే ముందు ఎంబసీ దగ్గర పేరు ఉండాలి. మన పిల్లవాడు అక్కడి ఎంబసీలో నమోదయ్యాడా? పాస్‌పోర్ట్ కఫీల్ దగ్గరుంటే దాని ఫొటో ఇంట్లో ఎవరి ఫోన్లోనైనా ఉందా? పాస్‌పోర్ట్ చేతిలో లేకపోయినా ఎంబసీ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది, దాంతో ఇంటికి రావచ్చు. కానీ ఆ మనిషి ఎవరో రుజువు చేసే కాగితం ఏదో ఒకటి కావాలి. ఓడ వచ్చాక వెతుక్కునే సంగతులు కావివి.

రన్‌వే ఊగుతుంటే

ఓడ నెమ్మది గనుక కళ్ళు గాలిలో ఉండాలి. ఆర్కే బీచ్‌లో కుర్సురాకు ఎదురుగా ఉన్న భారీ విమానం, టీయూ-142, 29 ఏళ్ళు అదే పని చేసి 2017లో రిటైరైంది. దాని పని ఇప్పుడు పీ-8ఐ విమానాలు చేస్తున్నాయి. మొత్తం 12 ఉన్నాయి, తమిళనాడు అరక్కోణంలో, గోవాలో ఉంటాయి. బయటికి చూస్తే మీరు దుబాయ్‌కో జెద్దాకో ఎక్కే బోయింగ్ 737 లాంటిదే, అదే ఒడలు. లోపల సీట్ల బదులు రాడార్ తెరలు. కింద సముద్రంలోకి చిన్న చిన్న మైకు డబ్బాలు జారవిడుస్తుంది. అవి నీళ్ళలో చప్పుళ్ళు విని విమానానికి పంపుతాయి, జలాంతర్గామి ఎక్కడుందో పట్టుకునేది అలాగే. ఓడకు ఒక రోజంతా పట్టే దూరాన్ని ఇది గంటలో దాటుతుంది. విశాఖ విమానాశ్రయం కూడా నేవీదే, ఐఎన్‌ఎస్ డేగా. మన ప్రయాణికుల విమానాలు అక్కడ అతిథులు. భోగాపురం అవసరం పడటానికి అదీ ఒక కారణం.

విమాన వాహక నౌక సంగతి వేరు. 2022 సెప్టెంబర్ 2న కొచ్చిలో చేరిన ఐఎన్‌ఎస్ విక్రాంత్ పొడవు 262 మీటర్లు. శంషాబాద్ రన్‌వే పొడవు 4,260 మీటర్లు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుంటే ఆ పైలట్లు చేసే పని ఏమిటో తెలుస్తుంది. లేవడానికి డెక్ చివర్న పైకి వంగిన ర్యాంప్ ఉంటుంది. దిగేటప్పుడు విమానం తోకకున్న కొక్కెం డెక్ మీద అడ్డంగా కట్టిన తీగకు తగులుకోవాలి. చక్రాలు డెక్‌ను తాకగానే పైలట్ ఇంజన్ తగ్గించడు, పూర్తి శక్తికి పెంచుతాడు! తీగ తగలకపోతే మళ్ళీ లేవాలి కదా. ఇదంతా రాత్రిపూట, డెక్ పైకీ కిందికీ ఊగుతుంటే. ఆ డెక్ కింద 1,600 మంది దాకా ఉండే ఒక ఊరు, అందులో 16 పడకల ఆసుపత్రి కూడా. ఓడకు 20,000 కోట్లు అయింది. దాని కోసం 2025 ఏప్రిల్‌లో 26 రఫేల్ విమానాలకు కుదిరిన ఒప్పందం దాదాపు 63,000 కోట్లు, అంటే ఓడ ఖర్చుకు మూడింతలు. ఎక్కే విమానాలే ఓడ కంటే ఖరీదన్న సంగతి ప్రారంభోత్సవాల్లో ఎవరూ చెప్పరు.

మనకు ఇలాంటివి రెండు, రష్యా నుంచి వచ్చిన విక్రమాదిత్య ఒకటి, విక్రాంత్ ఒకటి. "రెండు ఉన్నాయి" అంటే రెండూ సముద్రంలో ఉన్నాయని కాదు. ఏ నౌకాదళంలోనైనా మోటు లెక్క ఏమిటంటే, ఓడల్లో మూడో వంతు డ్యూటీలో, మూడో వంతు శిక్షణలో, మూడో వంతు మరమ్మతులో. మన నేవీ దగ్గర 130కి పైగా ఓడలు, జలాంతర్గాములు ఉన్నాయని విన్నప్పుడు, చైనా దగ్గర 370కి పైగా అని విన్నప్పుడు ఈ మూడో వంతు లెక్క మనసులో పెట్టుకుంటే మంచిది. 2025 ఆగస్టు 26న విశాఖలో ఉదయగిరి, హిమగిరి అనే రెండు ఫ్రిగేట్లు ఒకే రోజు చేరాయి. డిస్ట్రాయర్ కంటే ఫ్రిగేట్ కాస్త చిన్నది, కార్వెట్ ఇంకా చిన్నది. ఆ పేర్ల గురించి అంతకంటే బుర్ర చెడగొట్టుకోనక్కర్లేదు, ఎందుకంటే ఈ రోజుల్లో ఆ గీతలు చెరిగిపోతున్నాయి.

నాలుగు గంటల నిద్ర, నాలుగేళ్ళ ఉద్యోగం

ఓడలో రోజును నాలుగేసి గంటల వాచ్‌లుగా కోస్తారు. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా ఉన్న ముక్కను మాత్రం రెండుగా చీలుస్తారు. లేకపోతే రోజూ ఒకే మనిషికి అర్ధరాత్రి వాచ్ పడుతుంది. ఈ చిన్న ఏర్పాటు వందల ఏళ్ళుగా నౌకాదళాల్లో నడుస్తోంది. నావికుల మంచాలు ఒకదాని మీద ఒకటి మూడు. సామాను అంతా ఒక చిన్న లాకర్‌లో పట్టాలి. కొత్తవాళ్ళకు మొదటి రోజుల్లో వాంతులు తప్పవు, డ్యూటీ కూడా తప్పదు. ఫోన్ సిగ్నల్ తీరం దాటగానే పోతుంది, ఓడ ఎక్కడికి పోతోందో ఇంట్లో చెప్పకూడదు. విశాఖలో మల్కాపురం, సింధియా వైపు ఉండే నేవీ కుటుంబాలకు ఇది కొత్త కాదు. పెళ్ళి, కాన్పు, చావు ఏదైనా సరే, ఆయన రేవులో ఉంటే వస్తాడు, లేకపోతే లేదు.

ఓడలో ఎవరికీ ఒకటే పని ఉండదు. వంటవాడైనా, గుమాస్తా అయినా, ఓడకు నిప్పంటుకుంటే పైపు పట్టాలి, రంధ్రం పడితే దాన్ని మూయాలి. నడి సముద్రంలో ఫైరింజన్ రాదు.

మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది, గడ్డం సంగతి. వాయుసేనలో గడ్డం కేసు 2016లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి ఓడిపోవడంతో అన్ని దళాల్లోనూ అంతే అనుకుంటున్నారు. నేవీ పద్ధతి వేరు. అక్కడ కమాండింగ్ ఆఫీసర్ అనుమతితో గడ్డం పెంచుకోవడం ఏ మతంవాళ్ళకైనా ఉన్న పాత ఆనవాయితీ. నీటుగా, మీసంతో కలిపి నిండుగా ఉండాలంటారు.

ఆడపిల్లల విషయానికొస్తే, 2017 సెప్టెంబర్‌లో గోవా నుంచి బయల్దేరి తారిణి అనే చిన్న తెరచాప పడవలో భూమి చుట్టూ తిరిగి 2018 మేలో తిరిగొచ్చిన ఆరుగురు నేవీ అధికారిణుల్లో ఇద్దరు మనవాళ్ళు. పి. స్వాతిది విశాఖ, బి. ఐశ్వర్యది హైదరాబాద్. అధికారిణులకే ఉన్న ఆ దారి నావికురాళ్ళకూ తెరుచుకుంది. 2023 మార్చిలో ఒడిశాలోని చిలికా కేంద్రం నుంచి బయటికొచ్చిన మొదటి అగ్నివీర్ బ్యాచ్ 2,585 మందిలో 273 మంది అమ్మాయిలు.

అగ్నివీర్ లెక్క మాత్రం ఇంట్లో కూర్చుని కాగితం మీద వేసుకోవాల్సిందే. మొదటి ఏడాది నెలకు 30,000 అంటారు, చేతికొచ్చేది 21,000. మిగతా 9,000 సేవానిధికి పోతుంది, ప్రభుత్వం అంతే కలుపుతుంది. నాలుగో ఏడాదికి జీతం 40,000, చేతికి 28,000. నాలుగేళ్ళ చివర సేవానిధి 10 లక్షల పైచిలుకు, దానిమీద వడ్డీ. పన్ను లేదు, పెన్షన్ కూడా లేదు. నూటికి 25 మంది దాకా ఉంచుకుంటారు, మిగతా 75 మంది ఇరవై రెండు ఇరవై మూడేళ్ళకు ఇంటికొస్తారు. 2022 చివర్లో చేరిన మొదటి బ్యాచ్ గడువు 2026 చివరికి పూర్తవుతుంది. ఈ పథకం మంచిదా చెడ్డదా అన్న వాదన ఎంతైనా చేయొచ్చు. నా మటుకు, ఓడ లాంటి సంక్లిష్టమైన యంత్రం మీద పని నేర్చుకోవడానికే రెండు మూడేళ్ళు పడుతుంది, నేర్చినవాణ్ణి నాలుగో ఏట పంపేయడం నేవీకే నష్టం అనిపిస్తుంది. అయితే వచ్చేసేవాడి చేతిలో ఏ పని ఉందన్నది ముఖ్యం. ఇంజన్ గదిలో, ఎలక్ట్రికల్‌లో పనిచేసినవాడికీ మిగతావాళ్ళకూ బయట దొరికే ఉద్యోగంలో చాలా తేడా ఉంటుంది. ట్రేడ్ ఏదొస్తుందో ఫారం నింపేటప్పుడే అడిగి తెలుసుకోవాలి.

ఇంకొక గందరగోళం ఉంది, మన బస్తీల్లో దీనివల్లే డబ్బు పోగొట్టుకుంటున్నారు. ఇండియన్ నేవీ వేరు, మర్చంట్ నేవీ వేరు. మార్లిన్ లువాండాలో మంటల మధ్య చిక్కుకున్న ఆ 22 మంది మర్చంట్ నేవీవాళ్ళు, వాళ్ళను కాపాడినవాళ్ళు ఇండియన్ నేవీవాళ్ళు. మొదటిది కంపెనీ ఉద్యోగం, రెండోది సైన్యం. ఇండియన్ నేవీలో చేరడానికి ఏజెంట్ ఉండడు, పరీక్ష ఫీజు తప్ప ఎవరికీ రూపాయి ఇవ్వక్కర్లేదు. మర్చంట్ నేవీలో ఉద్యోగం ఇప్పించే ఏజెన్సీకి డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చిన ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్స్ ఉండాలి. "నేవీలో పెట్టిస్తా" అని రెండు లక్షలు, మూడు లక్షలు అడిగేవాడు ఈ రెంటిలో దేని గురించి మాట్లాడుతున్నాడో ముందు తేల్చుకోండి. మర్చంట్ నేవీ అంటే లైసెన్స్ నంబర్ అడగండి. ఆ నంబర్ డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూడటానికి ఐదు నిమిషాలు చాలు.